మ్యాప్‌లో లేని గది

ఆ ఆసుపత్రిలో ఆమెను ఎదురుగా డబ్బాల మేడమ్ అనేవారు, వెనక డబ్బాలమ్మ అనేవారు. రెండూ ఆమె చెవిన పడేవి, రెండింటికీ పలికేది. పైకప్పుకీ గోడ మూలలకీ తెల్లటి వైఫై డబ్బాలు బిగిస్తున్న చోటల్లా నిచ్చెన కింద నిలబడి, నడుం మీద చెయ్యి వేసుకుని, "ఇంకాస్త ఎడమకి... ఇంకాస్త... ఆఁ, అక్కడ ఆపు! ఆపమన్నానా, మళ్ళీ ఎందుకు జరిపావు?" అని కేకలేసే మనిషిని ఇంకేమంటారు మరి.

నిజానికి బిగించడం ఆమె పని కాదు. ఏ డబ్బా ఎక్కడ ఉండాలో లెక్కలు కట్టి, భవనం పటం మీద చుక్కలు పెట్టి ఇవ్వడం వరకే ఆమె పని. చుక్కలు పెట్టి చల్లటి గదిలో కూర్చునేవాళ్ళు ఆ వృత్తిలో బోలెడంతమంది ఉన్నారు. ఆమెకి అలా కుదరదు. గీసిన చోట కాకుండా చెయ్యి అందిన చోట బిగించి, పైన సంతకం పెట్టించుకుని పోయే మహానుభావుల్ని మొదటి ఉద్యోగం నుంచీ చూసి చూసి, ఎవర్నీ నమ్మడం మానేసింది. ముక్కు మీద కోపం, పట్టిన పట్టు విడవని తత్వం, దేన్నయినా కుండ బద్దలు కొట్టినట్టు చెప్పేసే నోరు. ఈ మూడింటి వల్ల ఆమెకి ప్రమోషన్లు రాలేదు, పని మాత్రం వచ్చింది.

ఆ పని సంగతి కాస్త చెప్పాలి. చాలామందికి వైఫై అంటే ఫోన్‌లో గీతలు నిండుగా కనిపించడమే. గీతలు నిండితే సంతోషం, తగ్గితే తిట్లు. ఈ ఆసుపత్రివాళ్ళు అడిగింది అది కాదు. కొత్తగా వచ్చిన రోగి తన ఫోన్ తెరిస్తే అందులో ఆసుపత్రి మ్యాప్ కనిపించాలి. ఆ మ్యాప్‌లో తాను ఎక్కడ నిలబడ్డాడో ఒక నీలం చుక్క చూపించాలి. ఆ చుక్క వెంట నడుచుకుంటూ ఎవర్నీ అడక్కుండా ఎక్స్‌రే గదికి చేరాలి. అలా చేరాలంటే ఫోన్ పలుకు కనీసం మూడు డబ్బాలకి మూడు వైపుల నుంచి వినపడాలి. ఏ డబ్బాకి ఎంత గట్టిగా వినపడిందో దాన్ని బట్టి మనిషి జాడ తేలుతుంది. అందరూ చేసేట్టు వరండా నడిమధ్యన వరసగా డబ్బాలు బిగించుకుంటూ పోతే సిగ్నల్ దివ్యంగా ఉంటుంది. జాడ మాత్రం తేలదు. మనిషి వరండాకి కుడివైపు ఉన్నాడో ఎడమవైపు ఉన్నాడో ఆ వరసకి తెలియదు. గుండె డాక్టర్ని వెతుక్కుంటూ వచ్చినవాడు పళ్ళ డాక్టరు కుర్చీలో తేలతాడు. అందుకని ఆమె డబ్బాల్ని మూలల్లో, అంచుల్లో పెట్టించింది.

దానికి గోడలకి రంగులూ హంగులూ చూసే డెకరేటరు అడ్డుపడ్డాడు. "ఈ మూలన ఈ తెల్లడబ్బా కంట్లో నలుసులా ఉంది మేడమ్. కాస్త లోపలికి దాచెయ్యండి," అన్నాడు.

"కంట్లో నలుసు పడితే కళ్ళ డాక్టరు రెండో అంతస్తులో ఉన్నారు. దారి నా డబ్బాయే చూపిస్తుంది, వెళ్ళండి," అంది ఆమె.

అతను మూతి ముడుచుకుని పోయాడు. డబ్బా అక్కడే ఉంది.

మూలలతో గెలిచింది గానీ, నడిమి ఖాళీ ఆమెను ఏడిపించింది. ఆ భవనం మధ్యన కింది నుంచి పైకప్పు దాకా పెద్ద ఖాళీ. చుట్టూ అంతస్తులు, అంతస్తుకో కటకటాల వరండా, మధ్యలో గాలీ వెలుతురూ. చూడ్డానికి బాగుంటుంది, కానీ ఆమె పాలిట అది నరకం. సిగ్నల్ ఆ ఖాళీలోంచి పైకీ కిందికీ జారిపోతుంది. మొదటిసారి పరీక్షించిన రోజు ఆమె మూడో అంతస్తు వరండాలో నిలబడి ఫోన్ చూసుకుంటే, నీలం చుక్క సరిగ్గా ఖాళీ నడిమధ్యన గాల్లో తేలుతోంది. ఆ అంతస్తులోనే నర్సుగా పనిచేసే వదిన ఆమె భుజం మీంచి తొంగి చూసి, "ఏమ్మా ఆడపడుచుగారూ, ఎప్పట్నుంచి ఎగరడం మొదలుపెట్టావు? ఇంట్లో గిన్నె కూడా కదపవు గానీ!" అని వార్డంతా వినపడేట్టు నవ్వింది.

దానికి మందు ఉంది. మ్యాప్ తయారుచేసేటప్పుడు మనిషి నిలబడడానికి వీల్లేని చోట్లని గుర్తించి, వాటి మీద అడ్డంగా గీతలు కొట్టేస్తారు. లిఫ్టు గొయ్యి, గోడల మధ్య సందు, ఇలాంటి ఖాళీలు. గీతలు కొట్టిన చోట వ్యవస్థ చుక్కని ఎప్పటికీ పెట్టదు. లెక్క ఆ చోటునే చూపించినా సరే, మనిషి అక్కడ ఉండడు గనక, చుక్కని తీసుకొచ్చి పక్కనే ఉన్న నడిచే చోట్లోకి నెట్టేస్తుంది. ఆమె ఖాళీ మీద గీతలు కొట్టింది. చుక్క బుద్ధిగా వరండాలోకి వచ్చి నిలబడింది.

వదిన, అన్నయ్య, అమ్మ, ఆమె, నలుగురూ ఒకే ఇంట్లో ఉంటారు. అన్నయ్య అచ్చాఫీసులో పనిచేస్తాడు, ఇంట్లో మాట్లాడే అవకాశం అతనికి ఎప్పుడూ రాలేదు. వదినకీ ఆమెకీ క్షణం పడదు, క్షణం విడిచి ఉండలేరు. ఆసుపత్రిలో ఆమెకి అన్నీ చూపించింది వదినే. ఏ తలుపు ఎప్పుడూ తెరిచి ఉంటుందో, ఏ లిఫ్టు మొరాయిస్తుందో, స్ట్రెచర్లు ఏ మలుపులో గుద్దుకుంటాయో చెప్పింది. మూడో అంతస్తు చివర, దుప్పట్లు దాచే గది పక్కన ఉన్న చిన్న గదిని కూడా చూపించింది.

అది నర్సుల గది. ఒక మంచం, రెండు బల్లలు, సగం కాలిన తీగతో ఒక టీ కెటిలు, సరిగ్గా మూసుకోని కిటికీ, అంతే. వార్డులో నిలబడీ నిలబడీ వాచిన కాళ్ళని ఆ బల్ల మీద చాపుకుంటారు. చేతుల్లో ఎవరైనా పోయిన రోజున వచ్చి ఏడ్చి, ముఖం కడుక్కుని వెళ్తారు. ఈమధ్యే కాన్పు అయి పనిలో చేరిన చిన్న నర్సు ఒకామె ఉంది. పెద్దగా మాట్లాడదు. ఆమె పూటకోసారి తలుపు గడియ పెట్టుకుని, పాలు పిండి సీసాలో పెట్టి, ఇంట్లో ఉన్న పసిపాప కోసం తీసుకెళ్తుంది. అంత పెద్ద భవనంలో ఆ మనుషులు మనుషుల్లా కూర్చునే చోటు అదొక్కటే.

మ్యాప్ పని పూర్తయింది. రోగులు ఫోన్లు పట్టుకుని దారి తప్పకుండా నడుస్తున్నారు. చక్రాల కుర్చీలకి చిన్న బిళ్ళలు కట్టారు. ఏ కుర్చీ ఎక్కడ ఉందో ఇట్టే తెలుస్తోంది. ఆమెకి మహా గర్వంగా ఉంది. అప్పుడు పరిపాలనాధికారి పిలిచాడు.

ఆయన నెమ్మదస్తుడు. గొంతు పెంచడు, కుర్చీ చూపించి కూర్చోమంటాడు, మంచినీళ్ళు తెప్పిస్తాడు. "కుర్చీలకి కట్టిన బిళ్ళల్లాంటివే నర్సుల గుర్తింపు కార్డుల్లో కూడా పెట్టించాం మేడమ్," అన్నాడు. "బాగా పనిచేస్తున్నాయి. ఒక్కటే లోటు. మూడో అంతస్తు చివరి గది మ్యాప్‌లో సరిగ్గా తేలడం లేదు. ఎవరు ఎప్పుడు లోపలికి వెళ్తున్నారో, ఎంతసేపు కూర్చుంటున్నారో నాకు కచ్చితంగా తెలియాలి."

"రోగులు వెళ్ళని గది అది. దాంతో మీకేం పని సార్?"

"క్రమశిక్షణ," అన్నాడాయన, మంచినీళ్ళ గ్లాసు ఆమె వైపు జరుపుతూ.

అక్కడే, ఆ క్షణంలోనే ఆమె నోరు లేవాల్సింది. జీవితమంతా అవసరం ఉన్నా లేకపోయినా లేచిన నోరు అది. డెకరేటర్ని వదల్లేదు, బిగించేవాళ్ళని వదల్లేదు, సొంత అన్నయ్యని వదల్లేదు. ఆ రోజు మాత్రం "చూస్తాను సార్" అని లేచి వచ్చేసింది. బయటికొచ్చి తన కంపెనీ మేనేజరుకి ఫోన్ చేస్తే, "అడిగింది ఇచ్చెయ్యి. వాళ్ళ ఇల్లు, వాళ్ళ ఇష్టం," అన్నాడు. దాంతో ఒళ్ళు మండింది. కానీ ఒళ్ళు మండినప్పుడు మామూలుగా చేసే పని చెయ్యకుండా, తెలివైన పని చెయ్యాలనుకుంది. కంప్యూటరు తెరిచి, మ్యాప్‌లో నర్సుల గదిని వెతికి పట్టుకుని, దాని మీద అడ్డంగా గీతలు కొట్టేసింది. లిఫ్టు గొయ్యి మీద కొట్టినట్టే. ఇక ఆ గదిలో ఎవరి చుక్కా కనబడదు. అధికారి అడిగితే సిగ్నల్ అందడం లేదని చెప్పొచ్చు. తనలో తాను నవ్వుకుంది. ఎవరికీ చెప్పలేదు, వదినకి కూడా.

అంత అనుభవం ఉన్న మనిషి, తను చేసే పనిలో మొదటి పాఠం మరిచిపోయింది. గీతలు కొట్టిన చోటున్న చుక్క మాయమైపోదు. పక్కకి వెళ్తుంది.

కొన్నాళ్ళకి వదిన ఇంటికి వస్తూనే సంచీ విసిరికొట్టి కూలబడింది. ముఖం కందగడ్డలా ఉంది. అమ్మ కంగారుగా నీళ్ళు తెచ్చింది.

"వార్డులో అందరి ముందూ నన్ను నిలబెట్టి అడిగాడమ్మా, ఆ పరిపాలనాధికారి," అంది వదిన. "రోజూ వరండాలో నిలబడి కబుర్లు చెప్పుకుంటున్నానట. చేతిలో పలక లాంటిది పట్టుకుని అందులో మ్యాప్ చూపించాడు. నా పేరుతో చుక్క. నిజంగానే వరండాలో ఉంది! అక్కడ నేను ఎప్పుడు నిలబడ్డాను? గదిలో కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. చెప్తే వింటేనా? 'మనిషి అబద్ధం చెప్తుంది గానీ మిషను చెప్పదమ్మా' అని నవ్వాడు."

టీ తాగుతున్న ఆమెకి పొలమారింది.

"నా సంగతి వదిలెయ్యి," అంది వదిన. "ఆ బాలింత పిల్ల ఉంది చూడు, దానిది ఇంకా అన్యాయం. పూటపూటా చాలాసేపు వరండాలో ఒంటరిగా నిలబడి ఫోన్ చూసుకుంటున్నావు, ఇలాగైతే ఇక్కడుండవు అన్నాడు. అది ఏమని చెప్తుంది? లోపల ఉన్నానంటే ఏం చేస్తున్నావంటాడు. మగాడి ముందు, అంతమందిలో, ఎలా చెప్తుంది? తల వంచుకుని నిలబడింది. గుడ్ల నీళ్ళు కుక్కుకుంది. ఇవాళ గదిలోకే రాలేదు. జాకెట్టు తడిసిపోయినా రాలేదు."

ఆమె కప్పు కింద పెట్టింది. భయం కన్నా సిగ్గు ఎక్కువేసింది.

"వదినా, మిషను అబద్ధం చెప్పింది. చెప్పించింది నేను," అంది.

అంతా చెప్పేసింది. కార్డుల్లో బిళ్ళల సంగతి, ఆయన అడిగిన సంగతి, తను నీళ్ళు నమిలి వచ్చేసిన సంగతి, గీతల సంగతి. ఎప్పుడూ పలకని అన్నయ్య కూడా తల ఎత్తి చూశాడు.

"అంటే మా గదిని మనుషులు ఉండని చోటు అని రాశావన్నమాట," అంది వదిన. "నువ్వు గాల్లో తేలావు చూడు, ఆ ఖాళీ, మా గదీ నీకు ఒకటే అయ్యాయా?"

"మిమ్మల్ని కాపాడదామనే వదినా..."

"కాపాడు. ఎవరు వద్దన్నారు? మాతో ఒక్క ముక్క చెప్పాలనిపించలేదా? మా కార్డుల్లో బిళ్ళ ఉందని వాడు చెప్పలేదు. మా గదిని గీతలు కొట్టి తీసేశానని నువ్వు చెప్పలేదు. మా గురించి మాకు తప్ప అందరికీ తెలుసు!"

అమ్మ పక్క నుంచి గొణిగింది. "దీని నోరు ఇంట్లో సింహం. అక్కడికి వెళ్ళేసరికి పిల్లి."

అది తగలాల్సిన చోటే తగిలింది. మర్నాడు ఆమె తిన్నగా మూడో అంతస్తు చివరి గదికి వెళ్ళింది. అప్పుడే పని దిగినవాళ్ళూ, పనెక్కబోతున్నవాళ్ళూ అంతా అక్కడే ఉన్నారు. బల్ల ముందు నిలబడి, నసగకుండా, మెరుగులు దిద్దకుండా చెప్పింది. మీ కార్డుల్లో ఉన్న బిళ్ళ మీరు ఎక్కడ ఉన్నారో క్షణక్షణం చెప్తోంది. మీరు ఈ గదిలో ఎంతసేపు ఉంటున్నారో కొలవమని నన్ను అడిగారు. నేను కుదరదని ముఖం మీద చెప్పాల్సింది. చెప్పలేదు, దొంగచాటుగా గదిని తీసేశాను. అందుకే మీరంతా వరండాలో నిలబడ్డట్టు కనిపిస్తున్నారు. తప్పు మీది కాదు, నాది. ఇప్పుడు వెళ్ళి ఆ మాటే ఆయనతో చెప్తాను.

కొందరు తిట్టారు. ఒకావిడ కార్డు తీసి అటూ ఇటూ తిప్పి చూసి, పురుగుని పట్టుకున్నట్టు వేళ్ళ చివర్లతో పట్టుకుంది. బాలింత పిల్ల గోడకి ఆనుకుని వింది. వదిన తలుపు దాకా వచ్చి, "నువ్వు చెప్పాల్సింది నువ్వు చెప్పు. ఈసారి 'చూస్తాను సార్' అన్నావో, ఇంటికి రాకు," అంది.

పరిపాలనాధికారి గది కింది అంతస్తులో ఉంది. గోడకి పెద్ద తెర, తెర మీద భవనమంతా, దాని మీద నీలం చుక్కలు. ఆయన ఎప్పటిలాగే కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"ఆ గదిని మ్యాప్‌లోంచి నేనే తీసేశాను సార్. మీరు నర్సుల్ని వరండాలో నిలబడ్డారని తిట్టారు. వాళ్ళు నిలబడలేదు. వాళ్ళకి మీరు క్షమాపణ చెప్పాలి. నేను ఆల్రెడీ చెప్పుకున్నాను."

ఆయన నొసలు ముడిపడింది గానీ గొంతు మారలేదు. "అంటే ఇన్నాళ్ళూ నాకు తప్పుడు లెక్క ఇచ్చారన్నమాట. సరే, జరిగిందేదో జరిగింది. ఇప్పుడే ఆ గీతలు తీసేయండి."

"తీసేస్తాను. ముందు కార్డుల్ని తీసేయండి."

"ఏమిటి?"

"నర్సుల కార్డుల్ని ఈ వ్యవస్థలోంచి తీసేయండి అంటున్నాను. నేను ఇది దారి తెలియనివాళ్ళకి దారి చూపించడానికి గీశాను. పని చేసేవాళ్ళని కాపలా కాయడానికి కాదు. వాళ్ళు కుర్చీలు కాదు సార్, బిళ్ళ కట్టి వెతుక్కోవడానికి."

ఆయన ఫోన్ తీసి ఆమె మేనేజరుకి కలిపి, స్పీకరులో పెట్టి సంగతి చెప్పాడు. మేనేజరు గొంతు బల్ల మీంచి వినపడింది. "ఆవిడ కాస్త ఆవేశపడే మనిషి సార్, మీరేం పట్టించుకోకండి. ఆ గీతలు ఇక్కణ్ణుంచి మా వాళ్ళెవరైనా తీసేస్తారు."

"తీసేవాళ్ళకి ఎందుకు తీస్తున్నారో కూడా చెప్పండి," అంది ఆమె ఫోన్ వైపు వంగి. "చెప్పకపోతే నేను చెప్తాను. ఉద్యోగంలో ఉండి చెప్పనిస్తే ఉండి చెప్తాను, తీసేస్తే బయటి నుంచి చెప్తాను. ఇక ఈ విషయంలో నా నోరు మూతపడదు."

ఆ మాటలన్నాక ఎన్నాళ్ళ నుంచో గుండెల మీద ఉన్న బరువు దిగినట్టయింది ఆమెకి. ఉద్యోగం పోతే పోనీ అనిపించింది. పోతుందని తెలుస్తూనే ఉంది. అయినా కాళ్ళ కింద నేల గట్టిగానే ఉంది.

అధికారి ఫోన్ పెట్టేసి ఏదో అనబోయి, తెర వైపు చూసి ఆగిపోయాడు. మూడో అంతస్తు చివర ఉన్న చుక్కలు కదులుతున్నాయి. లిఫ్టు దగ్గర గుమిగూడాయి. మాయమై, కింది అంతస్తులో తేలాయి. ఒకదాని వెనక ఒకటి వరండాలోంచి వచ్చి, సరిగ్గా ఆయన గది తలుపు ముందు ఆగాయి.

"చూశారా?" అన్నాడాయన చిరాగ్గా. "మీ నిర్వాకం. పని దిగి ఇళ్ళకి పోవాల్సినవాళ్ళు నా గది ముందు ఉన్నట్టు చూపిస్తోంది. దీన్ని నమ్ముకుని నేను ఏం చెయ్యను?"

"ఈసారి తప్పు కాదు సార్. తలుపు తీసి చూడండి."

ఆయన నమ్మలేదు. నమ్మలేదని చూపించడానికే లేచి వెళ్ళి తలుపు తీశాడు. వరండా నిండా నర్సులు. సగంమంది ఇంటికి పోయే బట్టల్లో ఉన్నారు, చేతుల్లో సంచులున్నాయి. అందరికంటే ముందు వదిన.

"మేం ఎక్కడుంటున్నామో తెలియక మీరు ఇబ్బంది పడుతున్నారటగా సార్," అంది వదిన. "ఇదిగో, ఇక్కడున్నాం."

"ఇంతమంది ఒక్కసారిగా ఇలా రావడం..." అని ఆయన మొదలుపెట్టేలోగా, వదిన వెనక నుంచి బాలింత పిల్ల ముందుకొచ్చింది. ముఖం ఎర్రబడింది గానీ తల వంచుకోలేదు.

"నేను వరండాలో నిలబడి ఫోన్ చూసుకోవడం లేదు సార్," అంది. "ఆ గదిలో గడియ పెట్టుకుని నా బిడ్డకి పాలు పిండుకుంటున్నాను. రోజూ పిండుకుంటాను. రేపూ పిండుకుంటాను. ఇంకేమైనా తెలియాలా?"

ఆయన చెయ్యి తలుపు మీదే ఉండిపోయింది. డబ్బాల మేడమ్ బల్ల దగ్గరికి వెళ్ళి, సంచీలోంచి తన కంప్యూటరు తీసి తెరిచి, ఆయన వైపు తిప్పింది.

"చెప్పండి సార్. గీతలు తీసేయమంటారా, కార్డులు తీసేయమంటారా?"

ఆయన తెర వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు. తర్వాత నేల వైపు చూస్తూ, "కార్డులు," అన్నాడు.

"కాస్త గట్టిగా చెప్పండి సార్," అంది వదిన. "వెనకున్నవాళ్ళకి వినపడలేదు."